కాల్ యంత్రం దగ్గర ఆగిపోకూడదు

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని ప్రైవేటు ఆసుపత్రులు, పాఠశాలలు, కోల్డ్ స్టోరేజీలు, మిల్లులు, ఎరువుల దుకాణాలు ఒక్కొక్కటిగా తమ ఫోన్లకు ఐవీఆర్ పెట్టించుకుంటున్నాయి. ఫోన్ చేసినవారిని ముందుగా యంత్రం పలకరించి, ఏ పని మీద చేశారో చెప్పమని అడిగి, వారు నొక్కిన అంకెను బట్టి ఆయా విభాగానికి కలిపే ఏర్పాటు ఇది. పాతికేళ్లుగా ఈ ప్రాంతంలో సంస్థల లోపలి ఫోన్లను బయటి లైన్లకు కలిపే యంత్రాలు, అంటే ఈపీఏబీఎక్స్‌లు బిగిస్తూ, మరమ్మతు చేస్తూ బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ మార్పు నాకు సంతోషమే కలిగించాలి. అయితే వీటిలో చాలావాటిని యంత్రం ఏం చెప్పాలన్న దాని మీదే శ్రద్ధ పెట్టి, కాల్ చివరికి ఎవరి చేతికి చేరాలన్నది ఆలోచించకుండా పెడుతున్నారు. దాని ఫలితం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పరకాల దగ్గరి ఊళ్లో ఉండే మా అక్కకు ఒక వానాకాలం రాత్రి పదిన్నర దాటాక ఛాతీలో నొప్పి మొదలైంది. అంతకుముందు ఆమెకు వైద్యం చేసిన హనుమకొండ ఆసుపత్రికి, డాక్టరు ఉన్నారో లేరో కనుక్కొని బయల్దేరుదామని మా బావ ఫోన్ చేశాడు. స్వాగతం పలికిన గొంతు అపాయింట్‌మెంటుకు ఒకటి, రిపోర్టులకు రెండు, బిల్లులకు మూడు, అత్యవసరానికి నాలుగు నొక్కమంది. ఆయన నాలుగు నొక్కాడు. చాలాసేపు రింగైంది, ఎవరూ ఎత్తలేదు, మళ్లీ అదే స్వాగతం మొదలైంది. పదకొండు నిమిషాల పాటు అదే తంతు నడిచాక నాకు ఫోన్ చేసి, "గదే ముచ్చట మళ్ల మళ్ల చెప్తున్నది బామ్మర్దీ, మనిషైతే ఎవ్వలు మాట్లాడ్త లేరు" అన్నాడు. వెంటనే 108కు చెయ్యమన్నాను. అంబులెన్సులోనే అక్కను తీసుకొచ్చారు. ఇప్పుడు ఆమె కులాసాగానే ఉంది.

వారం తర్వాత ఆ ఆసుపత్రికి వెళ్లి, నేను ఈ పని చేసేవాణ్ణని చెప్పి, నాలుగో అంకె ఎక్కడికి పోతుందో చూస్తానంటే వాళ్లు కాదనలేదు. అత్యవసర రోగులను చూసే క్యాజువాలిటీ విభాగాన్ని కొన్ని నెలల కిందటే వెనకవైపు కొత్త భవనంలోకి మార్చారు. పాత గదిలోని టెలిఫోన్ మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ గదిలో ఇప్పుడు ఉతికిన దుప్పట్లు, దిండు గలేబులు పేర్చి పెడుతున్నారు. తలుపు తీసి చూస్తే, దుప్పట్ల మోపుల వెనక కిటికీ గూట్లో, దుమ్ము పట్టిన ఫోన్ ఒకటి చక్కగా పనిచేస్తూ కనబడింది. మా బావ చేసిన కాల్ ఆ రాత్రి ఆ చీకటి గదిలో మోగింది. అక్కడికి అరవై అడుగుల దూరంలో ఇద్దరు నర్సులు మేలుకొనే ఉన్నారు. వారి తప్పేమీ లేదు. ఆ మాటకొస్తే యంత్రం తప్పు కూడా లేదు, దానికి చెప్పిన పని అది అక్షరాలా చేసింది.

స్వయంచాలక టెలిఫోన్ ఎక్స్ఛేంజి పుట్టిందే ఇలాంటి మొర నుంచి. అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారం నడిపేవాడు. తనకు రావలసిన కాల్స్‌ను ఎక్స్ఛేంజిలోని ఆపరేటర్ పోటీదారుకు కలుపుతోందని ఆయన అనుమానించాడని, ఆ కోపంతోనే మధ్యలో మనిషి లేకుండా కాల్ కలిపే స్విచ్‌ను తయారుచేశాడని చెబుతారు. 1891లో దానికి పేటెంట్ వచ్చింది. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ పట్టణంలో అలాంటి మొదటి ఎక్స్ఛేంజి మొదలైంది. కాల్ చేరవలసినవారికి చేరడం కోసమే ఆయన యంత్రాన్ని తెచ్చాడు. ఇవాళ మనం పెట్టే ఐవీఆర్‌ను కూడా ఆ ఒక్క కొలతతోనే కొలవాలన్నది నా అభిప్రాయం. గొంతు ఎంత తీయగా ఉంది, వెనక వీణ వినిపిస్తోందా, సంస్థ పేరు ఎన్నిసార్లు వచ్చింది అన్నవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

నేను ఎక్కడ ఈ ఏర్పాటు చేసినా మొదట యంత్రం మూత తీయను. ఒక తెల్ల కాగితం తీసుకొని, బయటి నుంచి వచ్చే కాల్‌ను ఎడమ అంచున పెట్టి, అది పోగల దారులన్నీ గీస్తాను. ప్రతి మజిలీ దగ్గరా యజమానిని అవే నాలుగు ప్రశ్నలు అడుగుతాను. ఇక్కడ ఎవరూ ఎత్తకపోతే కాల్ ఎటు పోవాలి, ఇక్కడ ఎంగేజ్ ఉంటే ఎటు పోవాలి, చేసినవారు ఏ అంకే నొక్కకపోతే ఎటు పోవాలి, లేని అంకె నొక్కితే ఎటు పోవాలి. ఈ నాలుగింటికీ మొదటి రోజే జవాబు చెప్పగలిగిన యజమాని నాకు ఇంతవరకు తారసపడలేదు. చాలామంది "మళ్లీ మొదటికి పంపండి" అంటారు. ఆ గీతను నేను కొట్టేస్తాను. మెనూ ఒక్కసారికి మించి తిరగకూడదు. రెండోసారి కూడా దారి దొరకని కాల్‌ను మనిషికి ఇచ్చేయాలి. అలా ఇవ్వకపోతే ఫోన్ చేసినవారు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటారు, సంస్థలో ఎవరికీ ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఆ గీతలన్నీ చివరికి వచ్చి కలిసే ఫోన్ ఒకటి ఉండాలి. దాన్ని నేను ఆఖరి ఫోన్ అంటాను. అది మేనేజరుగారి గదిలో కాకుండా, ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు ఉండేచోట ఉండాలి. ఆసుపత్రిలోనైతే రాత్రి డ్యూటీ నర్సు బల్ల మీద, కోల్డ్ స్టోరేజీలోనైతే గేటు దగ్గర. దాని నుంచి బయటికి కాల్ పోకుండా లాక్ చేయాలి, లేకపోతే అవసరానికి అది ఎంగేజ్‌లో ఉంటుంది. దాని గంట పెద్దగా మోగాలి. దాన్ని ఎత్తడం ఎవరి బాధ్యతో డ్యూటీ చార్టులో రాసి ఉండాలి. దీన్ని వాయిస్ మెయిల్‌కు వదిలేయడం మన దగ్గర కుదరదు, యంత్రానికి మాట చెప్పిపెట్టే అలవాటు మన జనానికి లేదు. బీప్ వినగానే పెట్టేస్తారు.

ఎంతసేపు మోగనివ్వాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ చాలా కాల్స్ అక్కడే తెగిపోతాయి. మన దేశంలో రింగు పద్ధతి ప్రకారం రెండు చిన్న మోతలు, కాస్త విరామం కలిసి మూడు సెకన్లకు ఒక ఆవృత్తి అవుతుంది. అయిదు రింగులంటే పదిహేను సెకన్లు. అంతలో ఎత్తని బల్ల దగ్గర ఇంకా ఎదురుచూడటం వృథా, రెండో బల్లకు పోవాలి. దీనికి మరో లెక్క కూడా ఉంది. జవాబు రాని కాల్ మొబైల్‌లో 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌లో 60 సెకన్లు మోగాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో నిర్ణయించింది. కొన్నిచోట్ల యంత్రం కాల్‌ను ఎత్తకుండానే ఒక్కొక్క బల్లకు ఇరవై సెకన్ల చొప్పున తిప్పే హంటింగ్ పెడతారు. మూడు బల్లలు తిరిగేసరికి అరవై సెకన్లూ అయిపోతాయి. నాలుగోదిగా పెట్టిన ఆఖరి ఫోన్ మోగకముందే నెట్‌వర్క్ కాల్‌ను తెంచేస్తుంది. కాగితం మీద అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆఖరి ఫోన్ మాత్రం ఒక్కసారీ మోగదు. అక్కడి సిబ్బంది "మాకు కాల్సే రావు" అంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు.

ఇక అంకె నొక్కడం సంగతి. పెద్దవాళ్లు ఫోన్ చేసేటప్పుడు ఒకసారి పక్కన కూర్చొని చూడండి. చెవి దగ్గర పెట్టుకున్న స్మార్ట్‌ఫోన్ తెర ఆరిపోయి ఉంటుంది. "ఒకటి నొక్కండి" అని వినగానే ఫోన్ దించి, కళ్లద్దాలు సర్దుకొని, డయల్ ప్యాడ్ గుర్తు ఎక్కడుందో వెతికి, దాన్ని తెరిచి, అంకె నొక్కేసరికి ఎనిమిది తొమ్మిది సెకన్లు పడుతుంది. చాలా యంత్రాల్లో కంపెనీ వారు పెట్టి పంపే గడువు అయిదు సెకన్లే. ఆలోపు నొక్కలేదని యంత్రం మళ్లీ మొదలుపెడుతుంది, వారు నొక్కిన అంకె ఆ కొత్త మాటల మధ్య కలిసిపోతుంది. గడువును పది సెకన్లకు పెంచడానికి పైసా ఖర్చు లేదు. ఆ గడువు దాటాక కూడా ఏమీ నొక్కనివారిని తిరిగి ఆపరేటర్‌కే కలపాలి. నొక్కడం తెలియని వారికి, నొక్కే స్థితిలో లేనివారికి ఉన్న దారి అదొక్కటే.

అంకె నొక్కినా యంత్రానికి అందకపోవడం ఇంకో రకం. మనం నొక్కే ప్రతి అంకె రెండు స్వరాలు కలిసిన మోత. ఒకటి నొక్కితే 697, 1209 హెర్ట్జ్ స్వరాలు కలిసి పోతాయి. మామూలు లైన్ల మీద ఇది చక్కగా పనిచేస్తుంది. ఇంటర్నెట్ మీదుగా నడిచే ఎస్ఐపీ లైన్లలో డేటా ఆదా కోసం మాటను కుదించి పంపే పద్ధతి పెడితే, ఆ కుదింపు మనిషి గొంతుకు తగ్గట్టు చేసింది కనుక ఈ స్వరాలు చెడిపోతాయి. నాలుగు నొక్కినా యంత్రానికి ఏమీ వినబడదు. అందుకే అంకెను మోతగా కాకుండా వేరే సందేశంగా పంపే పద్ధతి ఉంది. లైన్ ఇచ్చే కంపెనీలోనూ, మన యంత్రంలోనూ ఆ ఒకే పద్ధతి పెట్టాలి. ఒకవైపు రెండు పద్ధతులూ కలిసి ఉంటే ఒకసారి నొక్కిన అంకె రెండుసార్లు నొక్కినట్టు పడుతుంది. అప్పుడు లోపలి ఫోన్ నంబరు, అంటే ఎక్స్‌టెన్షన్ 14 అడిగినవారికి 11 మోగుతుంది. బిగించిన రోజున మూడు నాలుగు కంపెనీల సిమ్‌ల నుంచి, ఒక కీప్యాడ్ ఫోన్ నుంచి, ఒక ల్యాండ్‌లైన్ నుంచి అన్ని అంకెలూ నొక్కి చూస్తేనే ఇది బయటపడుతుంది.

మెనూ మాటల గురించి ఒక్క మాట. తెలుగులో మనం ముందు పని చెప్పి తర్వాత అంకె చెబుతాం. "రక్త పరీక్ష రిపోర్టు కోసం రెండు నొక్కండి" అంటే వినేవారు తమ పని పేరు వినబడగానే చెవి ఒగ్గుతారు, వెంటనే అంకె వస్తుంది. "రెండు నొక్కండి, మీ రక్త పరీక్ష..." అని తలకిందులుగా రికార్డు చేయిస్తే, పని పేరు వచ్చేసరికి అంకె మరిచిపోతారు. నాలుగు దారులకు మించి ఇస్తే మొదటిది గుర్తుండదు. స్టార్, హ్యాష్ నొక్కమని అడగకపోవడమే మంచిది. వరంగల్‌లో తెలుగు ముందుండి పక్కన ఉర్దూ ఉంటే చాలు. ఆదిలాబాద్ వైపు గోండి మాట్లాడేవారికీ, తండాల నుంచి చేసే లంబాడా అక్కలకూ మెనూ కన్నా వారి మాట తెలిసిన మనిషి దొరకడమే ఎక్కువ మేలు. అలాంటి మనిషి ఆ సంస్థలో ఉంటే ఆఖరి ఫోన్ దగ్గరే కూర్చోబెట్టాలి.

రాత్రి కాల్స్‌ను ఎవరిదో ఒకరి మొబైల్‌కు మళ్లించడం ఇప్పుడు అందరూ చేస్తున్న పని. ఇందులో ఉన్న లోపం బయటికి కనబడదు. పాత రకం అనలాగ్ లైన్ మీద యంత్రం మొబైల్ నంబరు డయల్ చేశాక, అవతలివారు ఎత్తారో లేదో దానికి తెలియదు. నంబరు పోయింది కాబట్టి కాల్ కలిసిందనే అనుకుంటుంది. మొబైల్ స్విచాఫ్‌లో ఉంటే, "మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం స్విచాఫ్ చేయబడి ఉంది" అన్న ప్రకటనను కూడా అది మనిషి మాటే అనుకొని ఊరుకుంటుంది. రెండో మొబైల్‌కు పోవాలన్న మీ ఏర్పాటు అక్కడితో ముగిసిపోతుంది. దీనికి మంచి ఉపాయం ఉంది. మొబైల్ ఎత్తినవారికి యంత్రం ముందుగా "ఆసుపత్రి నుంచి కాల్, తీసుకోవడానికి ఒకటి నొక్కండి" అని చెప్పాలి. ఒకటి నొక్కితేనే కలపాలి. నొక్కకపోతే తర్వాతి నంబరుకు పోవాలి. అంకె నొక్కడం స్విచాఫ్ ప్రకటన వల్ల కాదు కదా. ఇది చేయగల యంత్రాలు మార్కెట్లో ఎన్నో ఉన్నాయి. కొనేటప్పుడు అడగాలి.

ఫోన్ పెట్టేశాక లైన్ వదలకపోవడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఒక విత్తనాల దుకాణంలో ఉదయం బాగానే ఉన్న నాలుగు లైన్లూ మధ్యాహ్నానికల్లా ఎంగేజ్ అయిపోయేవి. యంత్రాన్ని ఒకసారి ఆపి, తిరిగి ఆన్ చేస్తే మళ్లీ బాగయ్యేవి. లైన్‌మన్ వచ్చి లైన్ బాగుందన్నాడు, అమ్మినవాడు యంత్రం బాగుందన్నాడు. ఇద్దరిదీ నిజమే. ఆ యంత్రం విదేశం నుంచి వచ్చిన పెట్టెలో ఎలా ఉందో అలాగే, అమెరికా అమరికలతో నడుస్తోంది. మన దేశంలో ఎంగేజ్ మోత 400 హెర్ట్జ్ స్వరం, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. అమెరికాలో స్వరాలూ వేరే, అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. రైతు అటు ఫోన్ పెట్టేశాక ఇటు వచ్చే మన ఎంగేజ్ మోత ఆ యంత్రానికి ఏమిటో తెలియదు, అందుకే అది లైన్‌ను పట్టుకొనే ఉండేది. దేశం పేరు దగ్గర ఇండియా అని మార్చడంతో ఆ తగాదా తీరింది. ఆ పనికి నాకు పట్టింది రెండు నిమిషాలు, ఆ దుకాణం వారికి మాత్రం ఒక సీజను పోయింది.

లైన్లు ఎన్ని ఉండాలన్నది చాలామంది యజమానులు ఊహించి చెబుతారు. ఊహించనక్కర్లేదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1917లోనే దీనికి సూత్రం ఇచ్చాడు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో ఒక కోల్డ్ స్టోరేజీకి ఉదయం పది, పదకొండు గంటల మధ్య 60 కాల్స్ వస్తాయనీ, ఒక్కొక్కటి మూడు నిమిషాలు నడుస్తుందనీ అనుకుందాం. మొత్తం 180 నిమిషాల మాట, అంటే గంటకు మూడు గంటల పని. మూడు లైన్లు సరిపోతాయని ఎవరికైనా అనిపిస్తుంది. ఎర్లాంగ్ లెక్క ప్రకారం మూడు లైన్లు ఉంటే నూటికి ముప్పై నాలుగు, ముప్పై అయిదు కాల్స్ ఎంగేజ్ వచ్చి వెనక్కి పోతాయి, ఎందుకంటే కాల్స్ వరుసలో నిలబడి రావు, ఒకసారి అయిదు కలిసి వస్తాయి, ఒకసారి ఒక్కటీ రాదు. ఆరు లైన్లు ఉంటే నూటికి అయిదు వెనక్కి పోతాయి. ఎనిమిది ఉంటే నూటికి ఒకటి కూడా పోదు. పైగా ఎంగేజ్ వచ్చినవారు ఊరుకోరు, మళ్లీ మళ్లీ చేస్తారు, కాబట్టి మూడు లైన్ల చోట అసలు పరిస్థితి లెక్క చెప్పినదానికన్నా అధ్వానంగా ఉంటుంది.

లైన్లు పెంచి మనుషుల్ని పెంచకపోతే ఆ ఎంగేజ్ మోత కాస్తా హోల్డ్ సంగీతంగా మారుతుంది, అంతే. గంటకు మూడు గంటల మాట వచ్చే చోట ముగ్గురే కూర్చుంటే క్యూ తరగదు, పెరుగుతూనే పోతుంది. నలుగురైనా ఉండాలి, అయిదుగురు ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. టెలికం కంపెనీల కస్టమర్ కేర్‌కు ట్రాయ్ పెట్టిన ప్రమాణంలో, నూటికి 95 కాల్స్‌కు ఆపరేటర్ 90 సెకన్లలోపు పలకాలి. ఆ నిబంధన మన ఆసుపత్రులకూ మిల్లులకూ వర్తించదు. అయినా నేను దాన్నే గీటురాయిగా పెట్టుకుంటాను. తొంభై సెకన్లు దాటిన కాల్‌ను సంగీతం వినిపిస్తూ కూర్చోబెట్టకుండా ఆఖరి ఫోన్‌కు పంపేస్తాను. మేడారం జాతర ముందు వారాల్లో బస్సులు, బసలు చూసే సంస్థలకు మామూలు రోజుల లెక్క పనికిరాదు. రెండేళ్లకు ఒకసారి వచ్చే ఆ రద్దీకి తాత్కాలికంగా అయిదారు లైన్లు అడిగి పెట్టుకోవడం ఎస్ఐపీ లైన్లలో తేలికైన పని.

గడియారం గురించి రాయకుండా ఉండలేను. పగలు ఒక దారి, రాత్రి ఒక దారి, ఆదివారం ఒక దారి అని పెట్టిన ఏర్పాటంతా యంత్రంలోని గడియారం మీద ఆధారపడి ఉంటుంది. ఒక కంటి క్లినిక్‌కు పొద్దున పదకొండు గంటలకు చేస్తే "మా పని వేళలు ముగిశాయి" అని వచ్చేది. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. రాత్రి కరెంటు పోయి వచ్చాక యంత్రం తేదీ 2000 జనవరి 1, అర్ధరాత్రికి వెళ్లిపోయింది. అక్కడి నుంచి అది లెక్క పెట్టుకుంటూ వచ్చింది, దాని లెక్కలో ఇంకా తెల్లవారలేదు. డాక్టరుగారు బయటి గదిలో ఖాళీ కుర్చీలు చూస్తూ కూర్చున్నారు. కొత్త యంత్రాలు ఇంటర్నెట్ నుంచి సమయం తీసుకుంటాయి, ఆ అమరిక పెట్టారో లేదో చూసుకోవాలి. పాతవాటికి బ్యాటరీ మార్చాలి. సెలవుల పట్టిక ఏటా రాయాలి. దసరా, బతుకమ్మ సెలవులు ప్రతి ఏడూ ఒకే తేదీన రావు కనుక నిరుడు పెట్టింది ఈ ఏడు తప్పవుతుంది.

కరెంటు, కేబుల్ సంగతి 2023 జూలై వానల్లో అందరం అనుభవించాం. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగిన ఆ రోజుల్లో మనిషి మనిషికి ఫోన్ కలిస్తే చాలనిపించింది. యంత్రం ఆగినా కాల్ ఆగకుండా ఉండాలంటే మళ్లింపు ఏర్పాటు మన భవనంలో ఉండకూడదు. లైన్ ఇచ్చే కంపెనీ దగ్గరే, "ఈ సంస్థ యంత్రం పలకకపోతే ఈ రెండు మొబైళ్లకు పంపండి" అని రాయించి పెట్టాలి. అడిగితే చేస్తారు, అడగకపోతే చేయరు. రెండు కంపెనీల లైన్లు తీసుకున్నామని ధీమాగా ఉండేవారు ఒకసారి వీధిలోకి వచ్చి తలెత్తి చూడాలి. రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభం మీద వేలాడుతూ ఉంటే, ఒక లారీ తగిలినా రెండూ తెగుతాయి. ఒకటి కేబుల్ అయితే రెండోది సిమ్ మీద నడిచేది తీసుకోవాలి. యూపీఎస్ ఉందంటే సరిపోదు, నెలకోసారి మెయిన్ ఆపి అరగంట నడుస్తుందో లేదో చూడాలి. రౌటర్‌ను యూపీఎస్‌కు కలపడం మరిచిపోయిన చోట్లు నేను చాలా చూశాను, యంత్రానికి కరెంటు ఉంటుంది, ఇంటర్నెట్ ఉండదు.

ఇవన్నీ పెట్టాక కూడా దుప్పట్ల గది లాంటివి జరుగుతాయి, ఎందుకంటే సంస్థ మారుతూ ఉంటుంది, మనుషులు బదిలీ అవుతారు, గదులు మారతాయి. అది పట్టుకోవడానికి రెండే మార్గాలు ఉన్నాయి. మొదటిది కాల్ రికార్డు. ఎవరు ఎప్పుడు చేశారు, ఏ అంకె నొక్కారు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంతసేపు మోగింది, ఎవరూ ఎత్తకుండానే ఎవరు పెట్టేశారు అన్నదంతా యంత్రం రాసుకుంటుంది. ఆ ఆసుపత్రి రికార్డు తీసి చూస్తే, నాలుగో అంకె ఎక్స్‌టెన్షన్ నెలల తరబడి మోగి ఒక్కసారీ ఎత్తబడలేదని వరుసగా కనిపించింది. ఎవరైనా వారానికి ఒకసారి చూసి ఉంటే మొదటి వారమే తెలిసేది. అందులోనే పెట్టేసినవారి నంబర్లూ ఉంటాయి. రోజూ సాయంత్రం వారికి తిరిగి ఫోన్ చేసే పని ఒకరికి అప్పగించాలి. మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తారన్నది మన జనం ఎప్పుడూ పెట్టుకునే ఆశ.

రెండోది పరీక్ష కాల్. డ్యూటీ మారిన ప్రతిసారీ కొత్తగా వచ్చినవారు తమ సొంత మొబైల్ నుంచి సంస్థ నంబరుకు చేసి, ఒక అంకె నొక్కి, ఎవరు ఎత్తారో పుస్తకంలో రాయాలి. ఒక నిమిషం పని. ఇందులో ఆస్పత్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఈ పరీక్ష రాత్రి పన్నెండు తర్వాత కూడా జరగాలి. పగలు చక్కగా నడిచే దారి రాత్రి నడుస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి.

అందరికీ ఐవీఆర్ అవసరం లేదు కూడా. ఇద్దరు పనిచేసే దుకాణానికి, ఒక్క డాక్టరు చూసే క్లినిక్‌కు మామూలు హంటింగ్ చాలు. ఒక ఫోన్ ఎత్తకపోతే రెండోది మోగుతుంది, అది ఎత్తకపోతే యజమాని మొబైల్ మోగుతుంది. పెద్ద సంస్థలా వినబడాలన్న కోరికతో మెనూ పెట్టించమని నా దగ్గరికి వచ్చిన కొందరిని నేను వద్దని పంపాను. నాకు ఆ బేరం పోయింది, వారి దగ్గర నేటికీ ఫోన్ చేయగానే మనిషే పలుకుతాడు.

నేను గీసే ఆ కాగితాన్ని బిగింపు అయ్యాక యంత్రం పెట్టె తలుపు లోపలివైపు అతికించి వస్తాను. కింద పరీక్ష తేదీలు రాయడానికి గడులు గీస్తాను. జనగామ దారిలోని ఒక రైస్ మిల్లులో అలా అతికించిన కాగితం నిండిపోతే, అక్కడి గుమాస్తాగారు పద్దుల పుస్తకంలోంచి చింపిన కాగితం దాని కింద అంటించి, తేదీలు కొనసాగిస్తున్నారు. మొన్న యూపీఎస్ బ్యాటరీ మార్చడానికి వెళ్లినప్పుడు చూశాను. ఆ వరుసలో నాలుగు చోట్ల "ఎత్తలేదు" అని ఎర్ర సిరాతో రాసి ఉంది, ప్రతిదాని పక్కనా ఎందుకు ఎత్తలేదో, ఏ రోజున సరిచేశారో నల్ల సిరాతో ఉంది. హనుమకొండ ఆసుపత్రిలో కూడా అలాంటి కాగితమే ఇప్పుడు కొత్త క్యాజువాలిటీ గోడకు ఉంది. నాలుగో అంకె అక్కడి బల్ల మీద మోగుతోంది.

భవదీయుడు,
ఒక ఈపీఏబీఎక్స్ మెకానిక్,
హనుమకొండ.